జాడీకి కట్టిన గుడ్డ

నిన్న మనవరాలు ద్రాక్షపళ్లు నలిపి, పంచదార కలిపి సీసాలో పోసి మూత బిగిస్తోంది. వదులు చెయ్యమన్నాను.

"వాసన పోతుంది మామ్మా."

"పోనీ," అన్నాను. నాకు మా అమ్మ జాడీ గుర్తొచ్చింది.

మా చర్చిలో ప్రభురాత్రి భోజన సంస్కారానికి ద్రాక్షారసం చేసేది మా అమ్మే. అమలాపురం మార్కెట్లో చివరికి మిగిలిన చితికిన పళ్లు చవగ్గా తెచ్చి, పంచదార, గుప్పెడు గోధుమలు వేసి, జాడీకి పల్చటి గుడ్డ కట్టేది. ఇల్లంతా వాసనే. కాఫీపొడి డబ్బాకి మూత పెట్టకపోతే, వాసన పోతే సరుకు పోయినట్టేనని అమ్మ రోజూ తిట్టేది. అందుకని ఎనిమిదేళ్ల నేను ఆ గుడ్డ తీసేసి, మూత పెట్టి, అంచంతా గోధుమపిండి ముద్దతో మూసేసేను. మెచ్చుకుంటుందనుకున్నాను.

మూడోనాడు మూత ఎగిరిపడి, సగం రసం పొంగి నేలపాలైంది. మళ్లీ చేసే వ్యవధి లేదు.

"అది ఊపిరి తీసుకుంటోందే, నోరు మూసేస్తావా?" అంది అమ్మ. కొట్టలేదు. మిగిలినదాంట్లో కాచి చల్లార్చిన నీళ్లు కలిపింది.

ఆదివారం ఆరాధన అయ్యేక పాస్టరమ్మగారు, "రసం పల్చబడిందేంటమ్మా? చవక పళ్లు తెస్తే అంతే మరి," అన్నారు అందరి ముందూ.

"ఆయ్, పళ్లల్లో సత్తువ లేదండి," అంది అమ్మ.

అమ్మ అబద్ధమాడటం నేను విన్నది అదొక్కసారే. నీళ్ల సంగతి దాచడానికే అనుకున్నాను అప్పుడు. నన్ను దాచడానికే అలా అందని, నా పిల్లలు తప్పులు చేసేదాకా నాకు తెలియలేదు.