నాలుగు వేళ్ళ మేర

ఉప్పాడ ఒడ్డున వేలంపాటలో నిలబడి చేపలు కొనేది మా అమ్మ. వాటిని ఐసు పెట్టెల్లో సర్ది, ఫోన్లో బేరాలు చూసేది నేను. మొప్ప ఎత్తి, పొట్ట నొక్కి ఆవిడ చెప్పిన మాట తప్పడం నేను చూడలేదు. నాకా కన్ను లేదు. ఉన్నట్టు నలుగురిలో కోతలు కోస్తుంటాను, అది వేరే సంగతి.

వేట నిషేధం రోజుల్లో, విరేచనంలో రక్తం పడుతోందని అమ్మను కాకినాడ తీసుకెళ్ళాను. కెమెరా గొట్టం వేసి, పేగులోంచి పాలిప్ అనే చిన్న కండ తీశారు. రిపోర్టు వచ్చిన రోజు అమ్మను బయట బల్ల మీద కూర్చోబెట్టి, నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళాను.

"కండలో క్యాన్సర్ ఉందమ్మా. కోసిన అంచుకి బాగా దగ్గరగా ఉంది. లోపల ఏమైనా మిగిలిందేమో చెప్పలేం," అన్నారు డాక్టరుగారు. "ఆ పేగుముక్క తీసేయడం ఒక దారి. మూడు నెలలాగి మళ్ళీ కెమెరాతో చూడడం ఇంకోటి. ఆవిడ వయసుకి, షుగరుకి ఆపరేషన్లోనూ ప్రమాదం ఉంది. అయినా నేను ఆపరేషనే మంచిదంటాను. ఆవిడనడిగి చెప్పండి."

"ఆగుదామండి. షుగరుంది కదండి," అన్నాను, ఎవరినీ అడగకుండా.

షుగరు సాకు. మర్నాడే పడవలు వేటకు వెళ్తున్నాయి. మొదటి నెల వచ్చే సరుకు మీదే మా ఏడాదంతా నడుస్తుంది. అమ్మ మంచాన పడితే పాటలో నిలబడేదెవరు? డాక్టరుగారి మాట పూర్తవకముందే నేను ఆలోచించింది అదే. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

"పులిపిరి లాంటిదట, తీసేశారు," అన్నాను బయటికొచ్చి. అమ్మ నమ్మింది. ఆవిడకు చదువు రాదు.

మూడు వారాలు ఎండలో నిలబడి చేపలు కొంది. ఒక మధ్యాహ్నం ఇంటికోసం ఉంచిన వంజరాన్ని కత్తిపీట మీద కోస్తోంది. చేప ఒంటి మీద ఒకచోట నల్లబడిన మచ్చ ఉంది. మచ్చ దాటి నాలుగు వేళ్ళ మేర కోసి పిల్లికి వేసింది.

"అంత పారేశావేంటమ్మా?"

"ఎంత దూరం పాకిందో పైకి తెలీదు కదే. తినేది మన పిల్లలు."

ఇక నావల్ల కాలేదు. అంతా చెప్పేశాను. అమ్మ కత్తిపీట పక్కకు జరిపింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"మూడు వారాలైంది."

"వేట మొదలయ్యే ముందురోజు," అంది. తిట్టి ఉంటే బాగుండేది. చేతులు కడుక్కుని, "రేపు పొద్దున్నే తీసుకెళ్ళు. కోయించుకుంటాను," అంది.

తీసిన పేగుముక్కలో క్యాన్సర్ ఏమీ లేదని తేలింది. అమ్మ కోలుకుంది. నేను ఆగుదామన్నదే సరైందని మా పిన్ని ఇప్పటికీ మెచ్చుకుంటుంది. ఆవిడలా అన్నప్పుడల్లా నాకు ఎటైనా వెళ్ళిపోవాలనిపిస్తుంది.

అమ్మ మాత్రం పరీక్షకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ రిపోర్టు నా చేత చదివించుకుని వింటుంది. తర్వాత దాన్ని మడిచి పట్టుకుని పక్కింటి టీచరుగారి దగ్గరికి వెళ్తుంది.