లిస్టులో లేని పదో పిల్ల

మొన్న ఆదివారం, గెలిచిన మ్యాచ్‌ను ఒక్క కాగితంతో ఓడగొట్టాను! నవ్వండి, పర్లేదు. పక్క ఊరు పాల్మాకుల దాకా అందరూ నవ్వేశారు, మీరే మిగిలారు.

మా కావ్యకు పన్నెండేళ్లు. శంషాబాద్ ఆడపిల్లల ఫుట్‌బాల్ టీమ్‌లో ఉంది. సాతంరాయి గ్రౌండ్‌లో మ్యాచ్. ఏడుగురు ఆడతారు, ముగ్గురు బెంచీ మీద. పదేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. పిల్లలను మార్చేది భాగానికీ భాగానికీ మధ్య విరామంలోనే. ఒక్కటే గట్టి రూలు: ప్రతి పిల్లా కనీసం ఒక భాగం ఆడాలి. ఒక్కరు మిగిలిపోయినా గెలుపు అవతలివాళ్లదే. "బాగా ఆడేవాళ్లకే ఆటంతా ఇచ్చి, మిగతా పిల్లలతో నీళ్ల బాటిళ్లు మోయిస్తారా?" అని ఈ రూలు కోసం మీటింగులో గొంతు చించుకున్నది నేనే.

అందుకే కోచ్ సుజాత నా చేతిలో ప్యాడ్ పెట్టింది. "అక్కా, ఎవరెప్పుడు దిగాల్నో నువ్వే చూడు. నేను ఆట చూస్కుంట."

గోల్‌కీపర్ వాళ్ల నాన్న మల్లేశ్ వెనకనుంచి అందుకున్నాడు. "ఇగ చూడుర్రి, అక్క బిడ్డ నాలుగు భాగాలూ ఆడుతది!"

సరదాకే అన్నాడు. నాకు మాత్రం చెవిలో ఈగ దూరినట్టయింది. కావ్యను పక్కకు లాగాను.

"నువ్వు నన్నేమీ అడగకు. అందరూ చూస్తుంటారు. ఇక్కడ అమ్మ లేదు, మేనేజర్ ఉంది."

"సరే మేనేజర్ గారూ."

పేర్లు రాశాను. చెమటకు పెన్ను జారుతోంది. బెంచీ మీదినుంచి రెండో భాగంలో మమతను దింపాను, మూడో దాంట్లో సనాను. దింపిన ప్రతిసారీ టిక్కు. మళ్లీ అనుమానం. మళ్లీ మొదటినుంచీ లెక్క. నా పరీక్షలప్పుడు కూడా ఇంత పరేషాన్ కాలేదు!

మూడో భాగం అయ్యాక సుజాత అరిచింది. "అక్కా, ఇంకెవరన్నా మిగిలిర్రా?"

కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాను. టిక్కు, టిక్కు, టిక్కు... "అందరూ అయిపోయారు!"

ఎదురుగా కావ్య వచ్చి నిలబడింది. షూ లేసులు బిగించి కట్టుకుంది. "అమ్మా, నే..." సరిగ్గా అప్పుడే నెత్తిమీదుగా విమానం. మిగతా మాట ఆ మోతలో కలిసిపోయింది. నేను పెదవుల మీద వేలు పెట్టి, "మేనేజర్!" అన్నాను. వెళ్లి కూర్చుంది.

మూడు గోల్స్ తేడాతో గెలిచాం! పిల్లలు ఒకరిమీద ఒకరు పడి దొర్లుతున్నారు. రెఫరీ నా కాగితం తీసుకుని, మట్టి మరక ఒక్కటి కూడా లేని పదో నంబర్ జెర్సీ వైపు చూశాడు.

"ఈ పాప ఏ భాగంలో ఆడింది మేడం? ఇక్కడ తొమ్మిది పేర్లే ఉన్నాయి."

కాగితం లాక్కుని చూశాను: కావ్య పేరే రాయలేదు! మల్లేశ్ కూతురు గ్లౌజులు తీసి, "ఆంటీ, మనం గెలిచినం కదా?" అంది. రూలు ప్రకారం గెలుపు అప్పటికే అవతలివాళ్లదైపోయింది.

మల్లేశ్ తల పట్టుకున్నాడు. "అక్కా, నీ బిడ్డనే ఆడిస్తవనుకున్న గాని, గిట్ల ఉల్టా చేస్తవనుకోలె!"

వడ్డించే మనిషి విస్తళ్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాను. తన విస్తరి ఆ లెక్కలోకి రాదు కదా! ఆడవాళ్ల ఈ అలవాటును ఏకిపారేస్తూ పోయిన నెలే పత్రికలో నాలుగు పేజీలు రాశాను. పైగా నేను ఎగ్గొట్టింది నా విస్తరి కూడా కాదు, నా కూతురిది. నోరెత్తకు అని ముందే చెప్పి మరీ!

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాక కావ్య అడిగింది.

"మేనేజర్ గారూ, అన్నం లిస్టులోనన్నా నా పేరుందా?"

సిగ్గుతో దానికే ముందు వడ్డించాను. గుత్తి వంకాయ, రెండు కాయలు ఎక్కువే. తర్వాత మా ఆయనకు, మా అత్తకు. కావ్య గిన్నెలోకి తొంగిచూసింది.

"మరి నీకేదీ?"

నేనూ చూశాను. గరిటె తప్ప ఏమీ లేదు.

కావ్య తన కంచంలోంచి ఒక వంకాయ తీసి నా కంచంలో వేసి, చెయ్యి చాపింది. "ఆ ప్యాడ్ ఇటియ్యి. ఇగ లిస్టు నేను రాస్త."