తెల్లబడని చేతితొడుగులు

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, ఇది గొంతెత్తి చెప్పే కబురు కాదు. కొత్త రాష్ట్రానికి మన రాయపూరు రాజధాని అయిందన్న సంబరంలో మొన్న మునిసిపాలిటీ వాళ్ళు మా వీధి కాలవల పొడుగునా బ్లీచింగ్ పౌడరు చల్లిపోయారు. ఆ ఘాటు వాసన గుమ్మం దాటి రాగానే బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టేసి, పన్నెండేళ్ళ వెనక్కి వెళ్ళి కూలబడ్డాను.

అప్పట్లో మా ఇంటాయన ఇక్కడి ఒక రోలింగ్ మిల్లులో పనిచేసేవారు. మిషను కోసి పడేసిన ఇనుప పట్టీలను, ఇంకా వేడి ఆరకముందే, అందుకుని పేర్చాలి. వాటి అంచులు కత్తిపీటకన్నా పదును. ఆ మిల్లు స్టోరుకీపరు మా పక్క వాటాలోనే ఉండేవాడు. హిందీ ఊళ్ళో తెలుగు మాట చెవిన పడితే చాలు చుట్టరికం కలుపుకునే రోజులవి గనుక, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఆయన నాకు అన్నయ్య అయ్యాడు, ఆయన భార్య వదిన అయింది.

ఒక సాయంత్రం మా ఆయన అన్నం తింటుండగా అన్నయ్య పసుపుపచ్చని చేతితొడుగుల జత పట్టుకుని మా వంటింట్లోకే వచ్చేశాడు. మిల్లు మొత్తానికి నాలుగే జతలు వస్తే, ఒకటి మా ఆయన పేర రాయించి తెచ్చాడు. గీసిన అగ్గిపుల్ల దానికి అంటించి చూపించాడు, మంట పట్టలేదు. నా కూరగాయల చాకు తీసుకుని దాని మీద లాగాడు, గీత పడలేదు. బరువు చూస్తే ఊలు తొడుగంత.

“ఇదీ ప్లాస్టికు జాతే బావా. మామూలు ప్లాస్టిక్కయితే ఉడికిన సేమ్యాలాగ చిక్కుపడిపోతాది. ఇదలా కాదు, ద్రవంగా ఉన్నప్పుడే దీని పోగులన్నీ కోసి పరిచిన వరిపనల్లాగ ఒకే వైపుకి తలలెట్టుకుని పడుకుంటాయి. అలాగే లాగి దారం తీస్తే ఇనుమేటి దీని ముందర!” అన్నాడు. తూటా తగలని చొక్కాలకూ, ఓడలు కట్టే తాళ్ళకూ, విమానాలకూ ఇదే వాడతారట. లిక్విడ్ క్రిస్టల్ పాలిమరు అని దాని పేరు నా చేత మూడుసార్లు పలికించినా నాకు నోరు తిరగలేదు.

“నీ చేతికన్నా దీనికే ఖరీదెక్కువ బావా, జాగ్రత్త” అని వేళాకోళమాడి, పోతూ పోతూ నా వైపు తిరిగాడు. “చెల్లమ్మా, సబ్బునీళ్ళు, నీడ. అంతే. బ్లీచింగూ, ఎండా దీనికి పడవు.”

నిప్పుకూ కత్తికీ లొంగనిది ఎండకు లొంగుతుందా అని నాలో నేను నవ్వుకున్నాను. పైగా మా వాడలో ఉతుకు అంటే నాదే. మిల్లు మసి పట్టిన చొక్కాను మల్లెపువ్వులా చేసి ఆరేస్తానని ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు సైతం వచ్చి చూసిపోయేవారు. ఆ గర్వమే నా కొంప ముంచింది. కొన్నాళ్ళు చెప్పినట్టే ఉతికాను. తరవాత విశ్వకర్మ పూజ దగ్గరపడింది. ఆ రోజు మిల్లులో పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, దేవుడి ముందు పెడతారు. అందరి సామాను మధ్యా మా ఆయన తొడుగులు పచ్చగా, మురికోడుతున్నట్టు కనిపించడం నాకు నచ్చలేదు. అది దాని పుట్టుక రంగని నాకు తోచలేదు. బకెట్టు నీళ్ళలో గుప్పెడు బ్లీచింగ్ పౌడరు కలిపి నానబెట్టాను, తెల్లబడలేదు. ఇంకో రెండు గుప్పెళ్ళు వేసి రెండు రోజులు ఉంచాను. వానలు తెరిపిచ్చిన ఆ వారమంతా రేకుల కప్పు మీద ఎండకు పడేశాను. తెల్లబడకపోగా గోధుమరంగు తిరిగింది. పోనీలే, మడ్డి వదిలిందని సరిపెట్టుకున్నాను.

పూజ అయిన మూడో వారం, పట్టీ అంచు ఆ తొడుగును నానిన అట్టలా చీల్చుకుని ఆయన కుడి అరచేతిలోకి దిగింది. నరాలు తెగి రెండు వేళ్ళు ఇక ముడుచుకోలేదు.

మంచి సరుకు బయట అమ్ముకుని స్టోరుకీపరు నకిలీది ఇచ్చాడని మిల్లులో పుకారు పుట్టింది. మా ఆయనా నమ్మారు. మర్నాడు అన్నయ్య ఆ చిరిగిన తొడుగు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

“చెల్లమ్మా, దీన్ని దేంతో ఉతికేవు?”

“సబ్బునీళ్ళే అన్నయ్యా.”

“ఎండకేమైనా ఎట్టేవా?”

“లేదన్నయ్యా.”

తప్పు మా ఇంటిదని తేలితే మిల్లువాళ్ళు వైద్యం చేయించరు సరికదా, పనిలోంచి తీసేస్తారని నా భయం. అన్నయ్య తొడుగును అటూ ఇటూ తిప్పి చూసి, “సరేనమ్మా” అని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా అన్నయ్య ఉద్యోగం ఊడింది. ఊరి అవతల మందిర్ హసౌద్‌లో ఒక రైసుమిల్లులో బస్తాలు తూచే పనికి కుదిరి, వాటా ఖాళీ చేసి సంసారంతో అటే వెళ్ళిపోయారు. సామాను రిక్షాకెక్కిస్తుంటే మా ఆయన తలుపేసుకున్నారు. ఆ తలుపు వెనకే నేనూ నిలబడ్డాను.

ఆరేళ్ళకు అన్నయ్య పోయాడని తెలిసి వెళ్ళాను. పదోరోజు అయ్యాక వదిన చేతులు పట్టుకుని, బకెట్టు సంగతీ ఎండ సంగతీ కక్కేశాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు.

“ఆయనకి ఆ రోజే తెలుసు పిల్లా. ఎండకి రంగు తిరిగిపోయిన తొడుగు పోల్చుకోలేరేటి? ‘చెప్తే బావ పని పోతాది, ఆ చేత్తో ఇంకెక్కడ దొరుకుతాది? నాకు రెండు చేతులూ ఉన్నాయి కదా’ అన్నారు.”

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆ పూట ఆయన కంచం ముందు కూర్చున్నారు గానీ ముద్ద కలపలేదు. అప్పటినుంచీ అన్నయ్య పేరు ఎత్తితే లేచి బయటికి వెళ్ళిపోతారు.

ఇప్పుడలాంటి తొడుగులు బజారులో కట్టలు కట్టలుగా దొరుకుతున్నాయి, ఎలా ఉతకాలో బొమ్మలేసి మరీ ఇస్తున్నారు. మాటతో చెప్పేవాడి అవసరం తీరిపోయింది. చెప్పిన మాట వినని చెల్లెలి కోసం అబద్ధాన్ని నెత్తిన మోసే అన్నలు ఈ కొత్త రాజధానిలో ఏ వీధిన ఉన్నారో నాకు తెలియదు. ఉన్నా, వాళ్ళ ముందు తలెత్తుకునే యోగ్యత నాకు లేదు.

ఇంతసేపు ఓపికగా విన్నారు. మీ ఇల్లు చల్లగుండాలి, మీ ఇంట చేతులన్నీ క్షేమంగా ఉండాలి. ఎవరి వల్లనైనా పొరపాటు జరిగితే, పక్కింటి దీపం ఆరిపోకముందే నోరు తెరిచి ఒప్పుకునే ధైర్యాన్ని దేవుడు మీ ఇంటిల్లిపాదికీ ఇవ్వాలి.