పొగ నిలబడిన గది

2024 ఏప్రిల్, రెండో ఆదివారం. నాచారంలో యాదగిరి గారి ఇంటి మేడ మీది రేకుల గది. ఉన్నవారు: సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరైన యాదగిరి గారు, ఆయన కొడుకు శ్రీను, కోడలు సుజాత, నేను. విషయం: గది కప్పుకు ఇన్సులేషన్ చేయించినా సుజాత లోపల కూర్చోలేకపోతోంది.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. దాని కింద, "థర్మామీటరు ముప్పై మూడు చూపిస్తోంది. మనిషి మాత్రం చెమటతో తడిసిపోతోంది. అర్థం కాలేదు" అని రాసుకున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా డైరీల్లో ఈ చివరి మాట చాలా తక్కువసార్లు వచ్చింది.

నేను మల్లాపూర్‌లో కోల్డ్ స్టోరేజీ గదులు తయారుచేసే ఒక కంపెనీలో సూపర్‌వైజరుగా పనిచేశాను. ఇన్సులేషన్ అంటే వేడి ఒక పక్క నుంచి రెండో పక్కకు పోకుండా అడ్డుపెట్టడం. రొయ్యలున్న గదిలోకి బయటి వేడి రాకుండా చూడటం మా పని. ఒకసారి లడాఖ్‌లో గుడిసెలకు కప్పులు వేసే పని మా కంపెనీకి వచ్చింది. నేనూ వెళ్లాను. అక్కడ లెక్క తిరగబడుతుంది. లోపలి వెచ్చదనం పైకి లేచి రేకుల గుండా పారిపోతుంది కాబట్టి రేకుల కింద మందపాటి ఉన్ని పరుపులు పరిచి, సందులన్నీ మూసేయాలి. అలా మూయని గుడిసెలో ఎంత కిరసనాయిలు కాల్చినా తెల్లారేసరికి బకెట్లో నీళ్లు గడ్డకడతాయి.

యాదగిరి గారు ఆ లడాఖ్‌లోనే మూడు చలికాలాలు కాపలా కాసిన మనిషి. పొద్దుటి నడకలో మాకు స్నేహం కుదరడానికి అదే కారణం. మే నెలలో, నాచారం రోడ్డు మీద చెమటలు తుడుచుకుంటూ మంచు గురించి మాట్లాడుకునేవాళ్లం మేమిద్దరమే అయివుంటాం.

సుజాత మగ్గం పని చేస్తుంది. చెక్క చట్రానికి బట్టను బిగించి, కొక్కెం సూదితో జరీ, పూసలు కుట్టి, రాళ్లు అతికిస్తుంది. పెళ్లి బ్లౌజులకు బోడుప్పల్ నుంచి కూడా ఆమె దగ్గరికి వస్తారు. కింద ఉన్న రెండు గదుల్లో చట్రం పట్టదు కాబట్టి ఆమెకు ఈ రేకుల గదే దిక్కు. కిందటి మే నెలలో ఆ చట్రం మీదే స్పృహ తప్పి పడిపోయింది. పోచారంలో ఐటీ క్యాంపస్ బస్సు నడిపే శ్రీను అప్పటి నుంచీ ఒకటే మాట మీద ఉన్నాడు: ఇంకో ఎండాకాలం ఇలాగే అయితే మగ్గం తీసేయడమే. అప్పుడు యాదగిరి గారు నన్ను అడిగారు. కోడలి పని ఆగిపోవడం ఆయనకు ఇష్టం లేదు.

మార్చిలో దగ్గరుండి పని చేయించాను. రేకుల పైన తెల్ల రంగు. రేకుల కింద ఇనుప చట్రం, దానిలో రాక్‌వూల్ పలకలు, అంటే రాతిని కరిగించి దూదిలా చేసిన పరుపులు. వాటి కింద ఫాల్స్ సీలింగ్. రేకులకూ పరుపులకూ మధ్య జానెడు ఖాళీ వదిలి, వేడిగాలి పోవడానికి రెండు చివరలా తెరిచి ఉంచాను. గోడల్లో పైన ఎదురెదురుగా రెండు పాత సిమెంటు జాలీలు ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. మూలనున్న కూలరునూ కదపలేదు.

ఉగాది ముందు వరకూ సుజాత హాయిగా పనిచేసుకుంది. పండక్కి భర్తతో పుట్టింటికి వెళ్లి వచ్చాక మొదలైంది ఫిర్యాదు. వెంటనే వెళ్లి కప్పు అంతా తట్టి చూశాను. పలకలు ఎక్కడా జారలేదు. పైన ఖాళీ అలాగే ఉంది. తలుపు వేస్తే మా కోల్డ్ రూము తలుపులా మెత్తగా బిగుసుకుంది. అది చూసి ముచ్చటపడ్డాను కూడా. తప్పు ఎక్కడుందో తెలియక ఇంటికి వచ్చి, ఆదివారం అందరినీ ఉండమన్నాను.

"ఇప్పుడెలా ఉందమ్మా?" అని అడిగాను.

"ఏం జెప్పాలె సార్. మొదలు పెనం మీద కూసున్నట్టుండె. ఇప్పుడు ఇడ్లీ పాత్రల కూసున్నట్టున్నది."

"ముప్పై మూడే చూపిస్తున్నది గదా," అన్నాడు శ్రీను. "పోయినేడు గీ టైంకు నలభై దాటుతుండె. నీకు ఉడుకైనా కష్టమే, సల్లగైనా కష్టమే."

"అయితే నువ్వు కూసో జర. గా సూది పట్టుకొని కూసో."

శ్రీను నవ్వుతూ చట్రం ముందు కూర్చున్నాడు. కూలరు మొహం మీదికే కొడుతోంది. కాసేపటికి చొక్కా వీపుకు అతుక్కుంది. నవ్వు తగ్గింది. థర్మామీటరు వంక చూశాడు, తరువాత నా వంక చూశాడు. నేను థర్మామీటరు వంక చూశాను.

"ఇంకోటి సార్," అంది సుజాత. "గమ్ము ఆరుతలేదు. పొద్దుగాల పెట్టిన రాళ్లు ఇంక జారుతనే ఉన్నయి."

"చవకది తెచ్చుంటవ్," అన్నాడు శ్రీను.

"నేను ఎప్పుడు తెచ్చే దుకాణమే. రేపు పొద్దుగాల పెళ్లిపిల్ల తల్లి వస్తది సూసుకోనికి. రాళ్లు చేతికి ఊడొస్తే ఇంకో బ్లౌజు ఇస్తరా ఎవరన్న?"

"ఇదే ఆఖరిది అనుకో," అన్నాడు శ్రీను, ఈసారి వేళాకోళం లేకుండా. "ఇది ఇచ్చేసి మగ్గం ఇప్పుదాం. మళ్ల నువ్వు పడిపోతే దవాఖానాకు ఎత్తుకపోవుడు నాతోని కాదు."

సుజాత జారిన రాయిని గోటితో వెనక్కి నెట్టి, వేలు దాని మీదే ఉంచింది. యాదగిరి గారు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మా పనిలో ఒక పాత పద్ధతి ఉంది. గదిలో ఎక్కడ సందు ఉందో కనుక్కోవడానికి అగరుబత్తి వెలిగించి గోడల వెంట నడుస్తాం. పొగ ఎటు వంగితే అక్కడ గాలి దూరుతున్నట్టు. నేను కూలరు ఆపించి, అగరుబత్తి వెలిగించి, కప్పు అంచుల వెంటా తలుపు చుట్టూ కిటికీ చుట్టూ తిప్పాను. పొగ దారం లాగినట్టు నిటారుగా లేచింది. ఎక్కడా వంగలేదు. కోల్డ్ స్టోరేజీలో అయితే ఆ గదికి అప్పుడే సంతకం పెట్టి తాళాలు ఇచ్చేవాణ్ణి.

"ఒక్క సందు కూడా లేదు," అన్నాను. నా గొంతులోనే సంతోషం ఉంది, అయోమయమూ ఉంది. అన్నీ సరిగ్గా ఉన్న గది ఇలా ఎందుకు ఉంది?

"సందు సంగతేమో గానీ సార్," అని దగ్గింది సుజాత, "పొగ పోతలేదు."

తల ఎత్తి చూశాను. పొగ కప్పు కింద నీలం దుప్పటిలా పరుచుకుని అక్కడే ఉంది. ఆ జాలీల గుండా అది ఎప్పుడో బయటికి పోయి ఉండాలి. జాలీలు ఉండాల్సిన చోట, తీగకు వేలాడుతున్న బ్లౌజుల వరుస ఉంది. వాటిని పక్కకు జరిపాను. వెనక తెల్లగా సున్నం వేసిన గోడ. రెండో పక్కా అంతే.

"జాలీలు ఏమయ్యాయి?"

 యాదగిరి గారు కట్టుకున్న చేతులు కిందికి వదిలారు.

"నేనే మూసిన సార్. వీళ్లు పండక్కి పోయినప్పుడు. తలుపుకు, కిటికీకి రబ్బరు గూడ నేనే పెట్టిన."

"ఎందుకు నాయినా?" అన్నాడు శ్రీను.

"పిల్ల కోసం కప్పు చేయిస్తిమి. సల్లదనం సందుల పొంటి బయటికి పోతుంటే సూసుకుంట కూసోవాలె? అక్కడ మేము సూది బెజ్జం దొరికినా గోనెగుడ్డ కుక్కేటోళ్లం."

అప్పుడు నాకు గమ్ము ఎందుకు ఆరడం లేదో అర్థమైంది. కూలరు గాలిని తడిపి చల్లబరుస్తుంది. ఆ తడి గాలి బయటికి పోవాలి, పొడి గాలి లోపలికి రావాలి. అన్నీ మూసేస్తే గదిలో గాలి నీళ్లు తాగి తాగి ఇక పట్టనంత నిండిపోతుంది. అలాంటి గాలిలో గమ్ము ఆరదు, ఒంటి మీద చెమటా ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. థర్మామీటరుకు చెమట పట్టదు కాబట్టి దాని మాట అది నిజంగానే చెబుతోంది.

ఇదంతా చెప్పాను. యాదగిరి గారు ఒప్పుకోలేదు.

"మరి అక్కడ అన్నీ మూస్తేనే గదా సార్ బతికినం?"

"అన్నీ మూసేవాళ్లా?"

ఆయన ఏదో చెప్పబోయి ఆగారు. "ఒక్కటి ఇడిచిపెట్టేటోళ్లం," అన్నారు మెల్లగా. "లోపల బుఖారీ, గదే కిరసనాయిలు పొయ్యి, మండుతుండె. పైన ఒక్క బెజ్జం. డ్యూటీల ఉన్నోడు మంచు కప్పకుండ దాన్ని కట్టెతోని పొడుస్తుండాలె."

"అది దేనికి?" అన్నాడు శ్రీను.

"ఊపిరికి."

ఆ మాట అన్నాక ఆయన సున్నం వేసిన గోడ వంక కాసేపు చూశారు. తరువాత మెట్లు దిగి వెళ్లిపోయారు. సుజాత వెనకే వెళ్లబోతే శ్రీను వద్దన్నట్టు తల ఊపాడు. నాకు ఏం చేయాలో తోచలేదు. కోడలి కోసం చేసిన పని అది. కొడుకు ముందర దాన్ని తప్పని తేల్చడం అవసరమా, విడిగా పిలిచి చెబితే సరిపోయేదా అని ఇంటికి వెళ్లే దారంతా ఆలోచించాను.

మర్నాడు ఉదయం ఆయన నడకకు రాలేదు. నేను నేరుగా వాళ్ల ఇంటికే వెళ్లాను. వీధిలో ఉండగానే పైనుంచి ఉలి దెబ్బలు వినిపించాయి. వెళ్లేసరికి ఒక జాలీ తెరుచుకుని ఉంది, రెండోదాని మీద యాదగిరి గారు స్టూలెక్కి పనిచేస్తున్నారు. జుట్టు నిండా సున్నం. పావురాలు రాకుండా జాలీకి బిగించడానికి వల ముక్క జేబులో పెట్టుకున్నారు. కిటికీ రబ్బరు పీకి పక్కన పడేసి ఉంది. కూలరు, బయటి పొడి గాలిని లాగేలా, కిటికీ బయటికి చేరింది.

"డ్యూటీలో ఉన్నారా?" అన్నాను.

"నైటు డ్యూటీ నుంచే సార్," అన్నారు వెనక్కి తిరగకుండా. "నిద్ర పట్టలే."

సుజాత చట్రం ముందు తల వంచుకుని కుడుతోంది. నేను అడగకుండానే అగరుబత్తి వెలిగించి చట్రం మూలకు గుచ్చింది. పొగ కొంచెం లేచి, మెడ తిప్పినట్టు జాలీ వైపు వంగి, వెలుతురులోకి వెళ్లిపోయింది. పది గంటలకు పెళ్లికూతురి తల్లి వచ్చింది. బ్లౌజు చేతి అంచున ఉన్న రాళ్లను ఒక్కొక్కటే గోటితో గీరి చూసింది. ఒక్కటీ కదలలేదు.

"పైన గింత సల్లగున్నదేంది? ఏసీ పెట్టించినవా?" అంది.

"మా మామ పెట్టిండు," అంది సుజాత.

డ్యూటీకి బయలుదేరిన శ్రీను అది విని గుమ్మంలో ఆగాడు. మగ్గం ఇప్పే మాట ఎత్తలేదు. "మధ్యాహ్నం ఫోన్ చేస్తా, ఎట్లున్నదో చెప్పు," అని మెట్లు దిగాడు.

ఒక గదిని రొయ్యల కోసం కట్టడం వేరు, మనిషి కోసం కట్టడం వేరు అని ఈ పని నాకు నేర్పింది. వేడిని ఎక్కడ ఆపాలో నాకు మొదటి నుంచీ తెలుసు. గాలిని ఎక్కడ ఆపకూడదో యాదగిరి గారి మాటతో తెలిసింది. ఆ తరువాత ఎవరింట్లో కప్పు చూడటానికి వెళ్లినా, పొగ ఎక్కడ వంగుతుందని కాక, ఎంతసేపట్లో పోతుందని చూస్తున్నాను.

వచ్చినావిడ వెళ్లాక యాదగిరి గారు స్టూలు దిగి థర్మామీటరు దగ్గరికి వచ్చారు.

"నిన్న ఎంతుండె సార్?"

"ఇంతే."

"మరి?"

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన అంతా శ్రద్ధగా విన్నారు, అర్థమైనట్టే తల ఊపారు. ఆ తరువాత థర్మామీటరును మేకు నుంచి తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి గట్టిగా ఊపి, మళ్లీ తగిలించారు.