నల్లబోర్డు మీద ఐదో మనిషి

మీరు తారీఖులక్కను కలిసి తీరాల్సిందే. చూద్దాంలే, వీలున్నప్పుడు వెళ్దాంలే అంటే కుదరదు. మీ పుట్టినరోజు ఎప్పుడో ఒక్కసారి ఆమె చెవిన వెయ్యండి చాలు. ఆ తేదీన పుట్టిన గొప్పవాళ్లనీ పోయిన గొప్పవాళ్లనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. ఆఖర్న, "మీరూ ఆ రోజే పుట్టారన్నమాట. సరే, ఇంకా టైముంది, చూద్దాం" అని ఓ చురక అంటిస్తుంది.

ఆమె ఏ ప్రొఫెసరో అనుకునేరు. గ్రంథాలయంలో అటెండరు. పొద్దున్నే తాళాలు తీయడం, బల్లలు తుడవడం, పేపర్లను కర్రలకు బిగించడం, చిరిగిన పుస్తకాలకు జిగురు రాయడం ఆమె పని. ఇవన్నీ అయ్యాక, ఎనిమిదిన్నరకు, గుమ్మం పక్కనున్న నల్లబోర్డు ముందు స్టూలు వేసుకుని ఎక్కుతుంది. పైన తేదీ, కింద ఏడు లైన్లు. మూడు సంఘటనలు, రెండు జననాలు, రెండు మరణాలు. ఇరవై రెండేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు. జ్వరమొచ్చిన రోజు కూడా శాలువా కప్పుకుని వచ్చి రాసిపోయింది.

ఆ లైన్లు ఎక్కడివంటారా? చెప్పుల డబ్బాలు పన్నెండు, నెలకొకటి. వాటిలో అట్టముక్కలు మూడొందల అరవై ఆరు. నీలం సిరాతో విషయం, దాని పక్కన ఎర్ర సిరాతో ఏ పుస్తకం, ఎన్నో పేజీ. ఎర్ర సిరా లేని లైను బోర్డెక్కదు. ఇది ఆమె పెట్టిన రూలే. ఎవరు చెప్పినా వినదు. ఒకసారి వీధి చివర కుట్టుమిషను తాత వచ్చి, కాలువలో మునిగిపోయిన తన కొడుకు పేరు ఆ ఒక్కరోజుకీ బోర్డు మీద రాయమని అడిగాడు.

"ఏ పుస్తకంలో ఉంది తాతా? ఎన్నో పేజీ?" అంది.

ఆయన టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ పేపరు చదవడానికైనా రాలేదు. పాపం అనిపించినా, రూలు రూలే అనుకుంది తారీఖులక్క.

అలాంటి మనిషి దగ్గర ఎర్ర సిరా లేని లైను ఒకే ఒక్కటి ఉంది. నవంబరు డబ్బాలో, పదిహేడో తేదీ అట్టముక్క మీద.

ఆ తేదీ మామూలుది కాదు. ఓ రాణి చనిపోయిన రోజు, అదే రోజు ఆమె చెల్లెలు గద్దెనెక్కింది. రెండు సముద్రాలను కలిపిన కాలువ తెరిచిన రోజు. ఒకే వైపున్న పట్టీని లోకానికి చూపించిన లెక్కల మనిషి పుట్టిన రోజు. రాతికి ప్రాణం పోసినంత పని చేసిన శిల్పి పోయిన రోజు. వీటన్నిటి కింద, ఏడో లైనుగా, ఏటా ఇలా రాసేది: దారం మిల్లులో బాయిలర్ పేలి ఐదుగురు మరణం.

ఆ ఐదో మనిషి ఆమె మొగుడు.

అప్పుడు ఏం జరిగిందంటే, మిల్లులో ఉద్యోగం ఆమెది కాదు, మొగుడిదీ కాదు, అన్నయ్యది. ఆ పొద్దున అన్నయ్యకు పన్ను సలిపి దవడ బంతిలా వాచింది. ఆ నెలలో అప్పటికే రెండు నాగాలు. మూడోది పడితే ఉద్యోగం ఊడుతుంది. పని లేక ఇంట్లోనే ఉన్న బావ, అంటే తారీఖులక్క మొగుడు, "నీ పేరు మీద నేను వెళ్తాలే, మూతికి గుడ్డ కట్టుకుంటే ఎవడు చూడొచ్చాడు" అని నవ్వుతూ బయల్దేరాడు. అన్నయ్య పేరుతోనే హాజరు వేయించుకున్నాడు. పదకొండింటికి బాయిలర్ పేలింది.

మిల్లువాళ్లు హాజరు పట్టీ చూసుకుని పేర్లు పిలిచారు. నలుగురు పలకలేదు. అన్నయ్య పేరు పిలిచినప్పుడు, కబురు విని పరుగెత్తుకొచ్చిన అన్నయ్య గుంపులోంచి చెయ్యెత్తాడు. అంతే. నలుగురు పోయారని రాసుకున్నారు. ఐదో శవాన్ని ఇంటివాళ్లే గోనెపట్టా కప్పి వెనక గేటునుంచి ఇంటికి తెచ్చుకున్నారు. నిజం చెబితే అన్నయ్య ఉద్యోగం పోతుంది. ఆ ఒక్క సంపాదన మీదే రెండిళ్ల పొయ్యిలు వెలగాలి. అందుకని మరణాల రిజిస్టర్లో 'ఇంట్లో స్టవ్ పేలి' అని రాయించి, కింద తారీఖులక్కే సంతకం పెట్టింది. అప్పటికామెకు ఇరవై ఆరేళ్లు.

మరుసటేడు గ్రంథాలయంలో చేరింది. ఖాళీగా వేలాడుతున్న నల్లబోర్డును చూసింది. మిగతా మూడొందల అరవై అయిదు రోజులూ ఆ ఒక్కరోజు కోసమే రాసిందని నాకనిపిస్తుంది. రోజూ రాసే చెయ్యి గనక, ఆ రోజు ఏం రాసినా ఎవరూ అనుమానించరు కదా!

ఈ ఏడు అక్టోబరులో కొత్త లైబ్రేరియన్ వచ్చింది. చదువైపోయి ఏడాదైనా కాలేదు, చురుకైన పిల్ల. చెప్పుల డబ్బాలు చూసి నోరెళ్లబెట్టింది.

"అక్కా, ఇది బంగారం అక్కా! అన్నీ కంప్యూటర్లో ఎక్కించేద్దాం. బోర్డు తీసేసి తెర పెడుతున్నారు. ఇక మీరు స్టూలెక్కక్కర్లేదు."

"నేను ఎక్కకపోతే స్టూలుకు దిగులు మేడమ్మా" అంది తారీఖులక్క.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఎక్కించడం మొదలెట్టారు. ఈమె చదవడం, ఆమె కొట్టడం. నవంబరు పదిహేడు దగ్గర లైబ్రేరియన్ వేళ్లు ఆగాయి.

"అక్కా, దీనికి ఎర్ర సిరా లేదేంటి? మూలం గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ తీసుకోదు."

"అది... నాకు తెలిసిందే మేడమ్మా."

"మీకు తెలిస్తే ఎలా అక్కా? మీ రూలే కదా! పాత పేపరు చూసొస్తే పోలా."

తారీఖులక్క పేపరాఫీసుకు వెళ్లింది. కింది గదిలో, బరువైన పాత సంపుటాల మధ్య, ప్రమాదం మర్నాటి పేపరు దొరికింది. మూడో పేజీ, రెండో కాలమ్. నలుగురు మృతి. నాలుగు పేర్లు. ఆ నాలుగో పేరు కింద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది, ఇంకో లైను ఉందేమోనన్నట్టు. ఆ కింద గొడుగుల ప్రకటన ఉంది.

అటునుంచి అటే అన్నయ్య ఇంటికెళ్లింది. మిల్లునుంచి రిటైరై, కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయిన మనిషి.

"అన్నయ్యా, ఆ రోజు నువ్వు పనిలోకి వెళ్లలేదని ఓ కాగితం రాసివ్వు."

అన్నయ్య ముఖం పాలిపోయింది. "ఇన్నేళ్లకా చెల్లీ?"

"ఇన్నేళ్లూ సుద్దముక్కతో సరిపోయింది. ఇప్పుడు సరిపోవట్లేదు."

"బావ పేరు పిలిచుంటే నేను చెయ్యెత్తేవాణ్ణి కాదే. నా పేరు పిలిచారు. పిలిస్తే పలికాను. అంతే కదా నేను చేసింది?"

"అంతేలే. రాయి."

రాసిచ్చాడు. ఒప్పుకోడేమో అని భయపడింది గానీ, అడగడమే ఆలస్యమన్నట్టు ఇచ్చేశాడు. ఇన్నేళ్లలో తాను అడగనే లేదని వీధిలోకొచ్చాక తట్టిందామెకు.

లైబ్రేరియన్ ఆ కాగితం రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత, మంచి పిల్ల గనకే, ఉన్నమాట చెప్పింది.

"అక్కా, నేను నమ్ముతున్నాను. కానీ రేపెవరైనా అడిగితే? హాజరు పట్టీలో ఆయన ఉన్నారు. ఇప్పుడు లేనంటున్నారు. అప్పుడు అబద్ధమాడిన మనిషి ఇప్పుడు నిజం చెబుతున్నాడని ఎలా చూపిస్తాం? పైగా మరణాల రిజిస్టర్లో..."

"స్టవ్ అని ఉంది. సంతకం నాదే."

తారీఖులక్క అట్టముక్కల వైపు చూసింది. తాను పేర్చిన గోడే ఇది, ఎర్ర సిరాతో, ఒక్కో ఇటుకా. ఎక్కడా బీట లేకుండా కట్టానని గర్వపడింది కూడా. కుట్టుమిషను తాత టోపీ సర్దుకోవడం గుర్తొచ్చింది.

"రెండే దార్లక్కా" అంది లైబ్రేరియన్ నెమ్మదిగా. "నలుగురని పెట్టడం, లేదా ఆ లైనే తీసేయడం. మీరెలా అంటే అలా. సాయంత్రం అయిదింటికి తెరవాళ్లకు జాబితా పంపాలి."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నలుగురంటే తన మొగుణ్ణి తన నోటితోనే లేడనడం. తీసేస్తే మిగతా నలుగురూ అతనితోపాటే పోతారు. వాళ్లలో ఒకడి తల్లి, ఎనభై దాటిన ముసలమ్మ, ఏటా ఆ పొద్దున కర్ర పొడుచుకుంటూ వచ్చి బోర్డు ముందు నిలబడుతుంది. ఆ లైను కూడబలుక్కుని చదివి, వేలితో తాకి, వేలికంటిన సుద్దను చూసుకుంటూ వెళ్తుంది. ఆ కొడుకు గుర్తు ఇంకెక్కడా లేదు. మిల్లు కూడా లేదిప్పుడు.

అయిదింటికి పది నిమిషాలుందనగా తారీఖులక్క ఎర్ర సిరా పెన్ను తీసింది. అట్టముక్క మీద 'ఐదుగురు' కొట్టేసి 'నలుగురు' అని రాసింది. పక్కన పేపరు పేరు, మూడో పేజీ, రెండో కాలమ్.

"ఎక్కించండి మేడమ్మా."

పదిహేడో తేదీ పొద్దున ముసలమ్మ వచ్చింది. గుమ్మం పక్కన బోర్డు బదులు తెర వెలుగుతోంది. రాణి వచ్చి వెళ్లింది, కాలువ వచ్చి వెళ్లింది. మిల్లు వచ్చింది. ముసలమ్మ సగం కూడబలుక్కునేలోపే మారిపోయింది.

"పోయిందేంటమ్మా?"

"మళ్లీ వస్తుందమ్మా. ఆరు లైన్లయ్యాక."

ఇద్దరూ నిలబడ్డారు. మళ్లీ వచ్చింది. ముసలమ్మ ఈసారి చదివేసింది, వేలు పెట్టి తాకింది. వేలు చూసుకుంది. ఏమీ అంటలేదు.

"ఏటా ఐదుగురని ఉండేది కదమ్మా. నలుగురంటోందేంటి? ఎవరిని తీసేశారు? మావాణ్ణి కాదు కదా?"

"కాదమ్మా. మీవాడున్నాడు."

"మరి ఆ ఐదోవాడు?"

తారీఖులక్క చేతిలో పాత తడిగుడ్డ ఉంది. తుడవడానికి బోర్డు లేకపోయినా, అలవాటుకొద్దీ పొద్దున్నే తడిపి తెచ్చుకుంది. దాన్ని మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది.

"పుస్తకంలో లేడమ్మా" అంది.

ముసలమ్మ తలూపి, కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయింది. తెర మీద శిల్పి పోయాడు.

ఆ అయిదింటికి పది నిమిషాల ముందు, ఆ ఎర్ర పెన్ను మీ చేతిలో ఉండుంటే, మీరైతే ఏం రాసేవారు?