శ్రావణి మీద పడిన నింద

మొన్న మీటింగ్‌లో అందరూ శ్రావణిని తప్పుపడుతుంటే, ఆ తప్పు నాదని నేను చెప్పలేదు.

మాది ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో క్లినిక్‌లకు సాఫ్ట్‌వేర్ చేసే ఆఫీసు. రోగులు అడిగిన పనిని మా ఏఐ ఏజెంట్ తనంతట తానే చేసిపెడుతుంది; ఒక్కో పనికి ఉన్న చిన్న ప్రోగ్రామ్‌ను టూల్ అంటాం, దాని గురించి మేం రాసిన వివరణను బట్టే ఏ టూల్ వాడాలో అది తేల్చుకుంటుంది. ఆ వివరణలను పరీక్షించేది నేను. కొత్తగా చేరిన శ్రావణి ఒక టూల్‌కు "అపాయింట్‌మెంట్ రద్దు చేస్తుంది" అని రాసింది. ఆ టూల్ కుటుంబంలో అందరివీ రద్దు చేస్తుందని నాకు ముందే తెలుసు కనుక ఆ వాక్యంలో లోటు కనిపించక, బాగుందన్నాను. ఏజెంట్‌కు తెలియదుగా! ఒకావిడ తన చెకప్ వద్దంటే, ఆమె పసివాడి స్కాన్ కూడా రద్దయింది.

"మీరే బాగుందన్నారు కదన్నా? ఇప్పుడు నా ప్రొబేషన్ ఫెయిల్ చేసి ఉద్యోగం తీసేస్తారట," అంది శ్రావణి ఇవాళ నా దగ్గరికొచ్చి, కళ్లు తుడుచుకుంటూ.

వెంటనే టీమ్‌నంతా మళ్లీ పిలిచి, ఆ వివరణ సరేనన్నది నేనేనని, తప్పు నాదేనని చెప్పాను. ఆమె వైపు తిరిగి, "మొన్న నిన్ను ఒక్కదాన్నే దోషిలా నిలబెట్టాను. క్షమించమ్మా," అన్నాను.