ఎనిమిది వరసలు తక్కువ

పెళ్లయి ఉత్తరాదికి వచ్చిన కృష్ణకుమారికి అల్లిక నేర్పింది సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్స్‌లో పక్కింటి పంజాబీ ఆవిడ. రాజమండ్రి పిల్లకు ఊలుతో ఏం పని చెప్పండి! మొదటి చలికాలం దెబ్బకే సూదులు చేతికొచ్చాయి. ముప్పై ఏళ్లలో భర్త శేషగిరికి పన్నెండు స్వెటర్లు అల్లింది.

ఆ పన్నెండింటికీ ఎడమ భుజం దగ్గర ఎనిమిది వరసలు తక్కువ. పెళ్లికి ముందెప్పుడో ఆయన బస్సు దిగుతూ పడి భుజం విరగ్గొట్టుకున్నారు. అది కాస్త కిందికి అతుక్కుంది. ఆయన మాత్రం శుభ్రంగా నయమైపోయిందనే అనుకుంటారు. బజారులో కొన్న స్వెటరు ఓ పక్కకి జారితే దుకాణంవాణ్ణి తిడతారు. ఆఫీసులో ఎవడో బట్టతల అన్నాడని వారం రోజులు సరిగ్గా అన్నం తినని మనిషికి ఈ సంగతి ఎవరు చెబుతారు? ఆవిడ నోరు మూసుకుని వరసలు తగ్గించేది.

రిటైరయ్యాక ఫరీదాబాద్ ఫ్లాట్‌కు మారారు. పై అంతస్తులో తెలుగువాళ్లమ్మాయి శరణ్య డిజైన్ చదువుతోంది. కాలేజీ ప్రదర్శనకు చేత్తో అల్లినది ఒకటి కావాలంటే కృష్ణకుమారి భర్త బూడిదరంగు స్వెటరు ఇచ్చింది. మడతపెట్టి బల్లమీద పెడతారనుకుంది పాపం.

ప్రదర్శనకు భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. శేషగిరి గుమ్మం దగ్గర రిజిస్టరులో పేరు రాస్తుండగా ఆవిడ ముందు లోపలికెళ్లి కొయ్యబారిపోయింది. బల్లా లేదు, తొడిగే బొమ్మా లేదు. స్వెటరు సన్నటి గాలం దారాలతో గాల్లో వేలాడుతోంది. లోపల పల్చటి ప్లాస్టిక్ సంచి, కింద చిన్న ఫ్యాను. గాలి నిండి ఛాతీ, పొట్ట, చేతులు అన్నీ లేచి కూర్చున్నాయి. ఎడమ భుజం దిగి ఉంది. తల లేదన్నమాటే గానీ, అచ్చం శేషగిరే.

"శరణ్యా, ఆ ఫ్యాను కట్టెయ్యమ్మా" అంది పక్కనే ఉన్న ఆ అమ్మాయితో.

"క్యోం ఆంటీ? ఇదే బెస్ట్ పీస్. లెఫ్ట్ షోల్డర్ ఒక్కటే కొంచెం టేఢా, వంకరగా వచ్చింది. మిస్టేకా?"

అప్పటికే ఆయన వచ్చి వెనక నిలబడి ఉన్నారు. కృష్ణకుమారి ఆయన్ని చూసింది. తన అల్లికకు ఇన్నేళ్లలో ఎవరినీ వంక పెట్టనివ్వని మనిషి, "ఔనమ్మా, వరసలు తప్పాను" అంది.

శేషగిరి స్వెటరు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. తన వంటిమీదున్న నీలం స్వెటరు భుజాలు రెండూ తడుముకున్నారు.

"దీనికీ తప్పావా?" అని భార్యనడిగారు.



"తప్పేం కాదమ్మా" అన్నారాయన శరణ్యతో. "అది నేనే."

తర్వాత భార్యవైపు తిరిగారు. "ముప్పై ఏళ్లు. నాకు తెలియనే లేదు కదే."

"తెలియకూడదనేగా అల్లింది" అంది కృష్ణకుమారి, ఏడుపు ఆపుకోలేక.